పేరమ్మ విడదీసిన జంట

ఆ అచ్చాఫీసులో ఆమెను అందరూ పేరమ్మ అనేవారు. అది ఆమె పేరు కాదు. పెళ్ళిళ్ళ పేరయ్య చేసే పనే ఆమెదీ అని ఎవరో సరదాకి అన్న మాట, జిగురులా అంటుకుపోయింది. ఆమె జంటలు కలిపేది నిజమే. కాకపోతే పెళ్ళికి కాదు, ప్రూఫులకు.

అక్కడ అచ్చయ్యేవి మందుల డబ్బాల్లో మడిచిపెట్టే కాగితాలు. ఎన్ని మాత్రలు వేసుకోవాలి, ఎవరు వేసుకోకూడదు, వేసుకుంటే ఏమేం వస్తాయి, అన్నీ చీమతలకాయంత అక్షరాల్లో ఉంటాయి. ఒక సున్నా ఎక్కువైతే ఒక ప్రాణం తక్కువవుతుంది. అందుకని అక్కడ ప్రూఫు ఒక్కరు చూడరు, ఇద్దరు చూస్తారు. ఒకరు అసలు ప్రతి పట్టుకుని కామాలూ ఫుల్‌స్టాపులతో సహా పైకి చదవాలి. ఎదురుగా కూర్చున్నవాళ్ళు వింటూ అచ్చుకాగితం మీద పెన్సిలు నడపాలి. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం అయిదు దాకా ఒక గొంతూ ఒక చెవీ. ఎవరి గొంతు ఎవరి చెవికి పడుతుందో కనిపెట్టి, ఆర్నెల్లకోసారి పట్టిక రాసి గోడకు అంటించడం పేరమ్మ ఉద్యోగం. దానికి ఆమెకొక అద్దాల గది కూడా ఇచ్చారు.

ఏడాది క్రితం దాకా ఆమె కూడా ఆ బల్లల దగ్గర గొంతు అరగదీసుకున్న మనిషే. అన్నేళ్ళూ ఒకే చెవికి చదివింది. మొదటి మూడేళ్ళు ఆ చెవి సహోద్యోగిది, ఆ తర్వాత మొగుడిది.

మొగుణ్ణి ఆఫీసులో మునిగారంటారు. ఎదురుగా అప్సరస వచ్చి కూర్చున్నా, "ఆ దీపం కొంచెం ఇటు తిప్పుతారా" అంటాడని చెప్పుకుని నవ్వుకుంటారు. మంచితనమని కొందరు, చేతకానితనమని కొందరు. ఊళ్ళోవాళ్ళ నోళ్ళకు మూతలుండవు కదా. రెండూ కాదన్న సంగతి పేరమ్మ ఒక్కదానికే తెలుసు. అది తెలిసింది కూడా పని చేస్తూ చేస్తూ ఉండగానే.

వాళ్ళింకా పెళ్ళి మాట తలవని రోజుల్లో ఒకసారి మందుల కాగితం కాకుండా డాక్టర్ల కోసం రాసిన చిన్న పుస్తకం ప్రూఫుకొచ్చింది. ఆమె ఎప్పటిలాగే రాగం తీస్తూ చదువుకుపోతోంది. ముక్కూ మొహం తెలియని మనిషి మీద, ఎంత అందంగా ఉన్నా సరే, కొందరికి కోరిక పుట్టదు, ఫుల్‌స్టాప్. మనసుకు బాగా దగ్గరైన మనిషి మీద తప్ప పుట్టదు, ఫుల్‌స్టాప్. ఇలాంటివారిని డెమీసెక్సువల్ అంటారు, కామా, ఇది జబ్బు కాదు, ఫుల్‌స్టాప్. ఎదుట పెన్సిలు ఆగిపోయింది.

"మళ్ళీ చదవండి," అన్నాడు.

అక్షరమేదో పోయిందనుకుని మళ్ళీ చదివింది. ఇంకోసారి అన్నాడు. మూడోసారి చదివి తలెత్తితే మునిగారి కళ్ళ నిండా నీళ్ళున్నాయి. తనకు ముప్పై నాలుగేళ్ళనీ, స్నేహితులందరూ దారినపోయే ఆడవాళ్ళను చూసి మెలికలు తిరిగిపోతుంటే, తనను తయారుచేసినప్పుడు ఏదో ముక్క బిగించడం మర్చిపోయారని ఇన్నాళ్ళూ అనుకున్నాననీ, దీనికి ఒక పేరుందని తెలియదనీ చెప్పాడు. పెన్సిలు చెక్కుకుంటూ, ఈమధ్య ఒక మనిషి మీద పుట్టిందనీ, అందుకే భయంగా ఉందనీ అన్నాడు. ఎవరి మీద అని ఆమె అడగలేదు. ఆ పేజీలో రెండు తప్పులు ఇద్దరూ చూడకుండా వదిలేశారు. నాలుగు నెలల్లో పెళ్ళయిపోయింది.

ఇక అక్కణ్ణుంచి పేరమ్మ ధీమా చూడాలి. ఆమె అక్క ఒకావిడ ఉంది, పక్క వీధిలోనే. బావగారి చూపు కుదురైంది కాదు. అక్క పాపం ఆయన ఫోను వెతికి, జేబులు వెతికి, ఆయన కొత్త చొక్కా కొంటే నాలుగు రోజులు నిద్రమానేది. ఆ ఏడుపంతా వచ్చి చెల్లెలి దగ్గర ఏడ్చేది. చెల్లెలు నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని వినేది. "మా ఆయన్ని అందాలపోటీకి జడ్జిగా పంపినా, మార్కులు వెయ్యడం రాక తిరిగొచ్చేస్తాడక్కా," అనేది. అక్క కళ్ళు తుడుచుకుంటూ, నీకేమే, నువ్వు అదృష్టవంతురాలివి అనేది. ఆ మాట వినడం పేరమ్మకు ఎంత ఇష్టమో చెప్పనలవి కాదు. ఏడేళ్ళు విన్నా తనివితీరలేదు.

అద్దాల గది వచ్చాక, మొగుడికి కొత్త గొంతు వెతకాల్సి వచ్చింది. రెండు నిమిషాలు కూడా ఆలోచించకుండా రేడియో పిన్నిని వేసింది. రేడియో పిన్నికి యాభై ఆరేళ్ళు. సోడాబుడ్డి కళ్ళద్దాలు, లేచినప్పుడల్లా కటకటమనే మోకాళ్ళు, ముందుపళ్ళలో ఒకటి లేదు. మొగుడు పోయి పదేళ్ళయింది. గొంతు మాత్రం మూడు గదులకు వినపడేది, అందుకే ఆ పేరు. ఆఫీసులో చిన్నాపెద్దా అందరికీ ఆవిడ పిన్నే.

రెండు నెలలు గడిచాయో లేదో, ఒకరోజు అద్దంలోంచి చూస్తే మునిగారు నవ్వుతున్నాడు. నవ్వంటే పెదవులతో నవ్వే నవ్వు కాదు. పెన్సిలు కింద పడేసి, బల్ల అంచు పట్టుకుని, కళ్ళు తుడుచుకుంటూ. పేరమ్మ ఏదో ఫైలు వంకతో అటు వెళ్ళింది. పిన్ని చదువుతోంది. "తలతిరుగుట, కామా, నోరు ఎండిపోవుట, కామా, కారణం లేకుండా చెమటలు పట్టుట, ఫుల్‌స్టాప్. ఇవన్నీ మా ఆయనకు నన్ను చూడగానే వచ్చేవయ్యా, కామా, ఏ మందూ వేసుకోకుండానే, ఫుల్‌స్టాప్." మునిగారు మళ్ళీ విరగబడి నవ్వాడు. పేరమ్మ కూడా నవ్వింది. నవ్వుతూ వెనక్కి వచ్చింది గానీ, కుర్చీలో కూర్చున్నాక కడుపులో చిన్న నిప్పురవ్వ పడ్డట్టయింది. తాను అన్నేళ్ళు చదివింది, శుభ్రంగా చదివింది, ఆ ఒక్క పేజీలో తప్ప ఎక్కడా తప్పు పోనివ్వలేదు. అంత నవ్వు ఒక్కరోజూ తెప్పించలేదు.

ఇక ఇంట్లో మొదలైంది. పిన్ని అలా అంది, పిన్ని ఇలా అంది. పిన్ని వాళ్ళింటి కుళాయి కథ, పిన్ని వాళ్ళ మేనత్త కథ. ఒక సాయంత్రం పేరమ్మ కూరగాయలు తరుగుతుంటే, చిన్నప్పుడు తనకు నత్తి ఉండేదన్న ముక్క పిన్నికి చెప్పాననీ, ఆవిడ తమ్ముడికీ ఉండేదటనీ మామూలుగా అన్నాడు. కత్తి ఆగిపోయింది. నత్తి సంగతి ఆయనకు ప్రాణం మీదికొచ్చే సంగతి. పన్నెండేళ్ళ దాకా బళ్ళో నోరెత్తలేదు. అది పేరమ్మకు చెప్పడానికి ఆయనకు రెండేళ్ళు పట్టింది. పిన్నికి రెండు నెలలు.

ఆ క్షణంలో పేరమ్మకు ఒక లెక్క తట్టింది. లోకంలో పెళ్ళాలందరూ అందగత్తెలను చూసి భయపడాలి. తన మొగుడు అలాంటివాడు కాదు కాబట్టి, తను భయపడాల్సింది అందానికి కాదు, కబుర్లకు. మనసు దగ్గరైతేనే ఆయనకు పుట్టేది. ఇప్పుడు దగ్గరవుతోందిగా మరి. ఇక పుట్టకేం చేస్తుంది? తనమీద ఎలా పుట్టింది, ఎదురెదురుగా కూర్చుని చదివితేనేగా? అదే బల్ల, అదే దీపం, అదే కుర్చీ. అసూయ పట్టిన బుర్ర లెక్కలు వేగంగా చేస్తుంది, సరిచూసుకోదు.

ఆ రోజు నుంచి ఆమెకు ఒళ్ళంతా కారం రాసుకున్నట్టుండేది. అద్దంలోంచి పని చూడటం మానేసి పెదవులు చూసేది. గంటకోసారి ఏదో వంక పెట్టుకుని బల్ల దగ్గరికి వెళ్ళేది. వాళ్ళు గతుక్కుమని ఆగిపోయినా కొంత శాంతంగా ఉండేది. అలా ఆగేవారు కాదు. "రావే అమ్మా, కూర్చో, నువ్వూ విను," అని పిన్ని పక్కకు జరిగేది. అది మరీ భరించలేకపోయేది. ఇంటికొచ్చి, పేపరు నేను చదువుతాను వింటావా అని మొగుణ్ణి అడిగింది ఒకసారి. మధ్యలో పిన్నిలా హాస్యమాడాలని ముందురోజంతా కూర్చుకున్న రెండు ముక్కలు జోడించింది. మునిగారు మర్యాదగా నవ్వి, ఏం ఒంట్లో బాలేదా అన్నాడు.

ఆగలేక అక్కకు చెప్పింది. అక్క ముందు నమ్మలేదు, తర్వాత పడీపడీ నవ్వింది. ఆ ముసలావిడ మీదా, పన్ను లేని ఆవిడ మీదా, నీకు మతిగానీ పోయిందా అంది. అక్కకు ఎలా చెప్పాలి? మా ఆయనకు పళ్ళు కనపడవే, మాటలే కనపడతాయి అని ఎవరితో మొరపెట్టుకోవాలి? అక్క బాధ చెబితే పదిమంది అయ్యో అంటారు. తన బాధ చెబితే పదిమంది నవ్వుతారు. ఆ ఒంటరితనంలో ఆమె అసూయ ఇంకా ముదిరింది.

ఆఫీసులో ఒక నియమం ఉంది. ఆర్నెల్ల లోపల జంటను మార్చాలంటే ఇద్దరిలో ఒకరు అడగాలి. ఇద్దరూ అడగరని పేరమ్మకు తెలుసు. అందుకని ఇద్దరి తరఫునా తనే అడిగేసింది. పిన్నిని గదిలోకి పిలిచి, ఆయన మొహమాటస్థుడు, మీతో చెప్పలేకపోతున్నాడు, మీ గొంతుకు ఆయనకు రోజూ తలనొప్పి వస్తోంది అంది. పిన్ని కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, అయ్యో, ముందే చెప్పకపోయావా అని మాత్రం అంది. ఇంటికెళ్ళి మొగుడితో, పిన్నికి నీతో పని విసుగ్గా ఉందట, మొహాన చెప్పలేక నాతో అంది అని చెప్పింది. మునిగారు సరే అన్నాడు.

సోమవారం పట్టిక మారింది. పిన్నిని చివరి గదిలో, ఒక్కతే కూర్చుని పేజీల నంబర్లు చూసుకునే బల్లకు పంపింది. మాట్లాడటానికి అక్కడ గోడ తప్ప ఎవరూ లేరు. మొగుడి ఎదుట ఎవరిని వేసిందంటే, నెల క్రితం చేరిన కొత్తమ్మాయిని. ఆ అమ్మాయి నడిచి వెళ్తుంటే యంత్రాలు తిప్పేవాడు సిరా తన చొక్కా మీదే పోసుకున్నాడు. ఆఫీసు ఆఫీసంతా నోళ్ళు నొక్కుకుంది. మొగుడి ముందు తనే తెచ్చి పెట్టింది, కొరివితో తల గోక్కుంటోందన్నారు. అక్కయితే పరుగున వచ్చి తలబాదుకుంది. పేరమ్మ మాత్రం చాలా రోజులకు కడుపునిండా తిని హాయిగా పడుకుంది.

మునిగారు అప్సరస ఎదుట కూర్చుని, దీపం ఇటు తిప్పమన్నాడు. అంతకుమించి ఒక్క మాట లేదు. నవ్వు లేదు. ఇంటికొచ్చినా కబుర్లు లేవు. పేరమ్మకు కావాల్సిందదే కదా. మూడు వారాలు అలా గడిచాక, ఒక సాయంత్రం చెప్పులు విప్పుకుంటూ, తలెత్తకుండానే, "నేను మనుషులకు విసుగు పుట్టిస్తానా?" అని అడిగాడు.

పేరమ్మ అప్పుడైనా చెప్పేసి ఉండాల్సింది. నోటిదాకా వచ్చింది కూడా. కానీ చెబితే మళ్ళీ ఆ బల్ల, ఆ నవ్వు. అలాంటిదేం లేదులే, ఎవరి ఇష్టం వాళ్ళది అనేసి లోపలికెళ్ళిపోయింది.

నిజం బయటపడటానికి పెద్ద కథేం నడవలేదు. ఆ శుక్రవారం సాయంత్రం వాన పట్టుకుని అందరూ గేటు దగ్గర రేకు కింద నిలబడ్డారు. పిన్ని మెల్లిగా మునిగారి పక్కకొచ్చి, సంచిలోంచి తలనొప్పి మాత్రల పట్టీ తీసి ఇచ్చింది. నా గొంతు వల్లే కదయ్యా, ఏమనుకోకు, నాకు తెలియలేదు అంది. తలనొప్పి ఎవరికని ఆయన అడిగాడు. విసుగు ఎవరికని ఆవిడ అడిగింది. వాన వెలిసేలోగా ఇద్దరికీ అంతా తెలిసిపోయింది.

ఇంటికొచ్చిన మనిషి మొహం చూడగానే పేరమ్మకు అర్థమైంది. తడిబట్టలు కూడా మార్చుకోకుండా కుర్చీలో కూర్చున్నాడు. ఆమె ఏదీ దాచలేదు. ఏడుస్తూ అంతా చెప్పింది, నత్తి ముక్క దగ్గర్నుంచి.

"పిన్ని మీద నాకు అలాంటిది పుడుతుందనుకున్నావా?" అన్నాడు.

"మనసు దగ్గరైతే పుడుతుందన్నావుగా."

"దగ్గరైతే తప్ప పుట్టదన్నాను. దగ్గరైన ప్రతివాళ్ళ మీదా పుడుతుందని అన్నానా? వాన పడితే తప్ప మొలక రాదు. అలాగని వాన పడ్డ చోటల్లా మొలుస్తుందా? నా బతుకులో పుట్టింది ఒక్కసారే. అదీ నీ మీదే. పిన్ని నాకు స్నేహితురాలు. నాకున్న ఒకే ఒక్క స్నేహితురాలు."

ఇంత జరిగినా, ఒక్కసారే అన్న మాట దగ్గర పేరమ్మకు సిగ్గులేకుండా సంతోషం కలిగింది. స్నేహితురాలు అన్న మాట దగ్గర మళ్ళీ మండింది. మనిషి మనసు అంత పాడుది. చేసింది తప్పే, సోమవారం దిద్దేస్తే సరిపోతుందనుకుంది. ప్రూఫులు దిద్దే చేతికి అదొక్కటే తెలుసు మరి.

సోమవారం అందరికన్నా ముందు వెళ్ళి, చివరి గదిలో పిన్ని ముందు నిలబడి తప్పు ఒప్పుకుంది. పిన్ని నంబర్లు చూడటం ఆపి, ముందున్న కాగితాలు సర్దిపెట్టింది.

"యాభై ఆరేళ్ళకు నన్ను చూసి ఒకత్తె కుళ్ళుకుందంటే, మా ఆయన బతికుంటే చెప్పి నవ్వేదాన్ని," అంది చివరికి. నవ్వలేదు మాత్రం. "కానీ ఈ మూడు వారాలూ ఇంట్లో దేవుడి పాట కూడా పైకి పాడలేదమ్మా. నా గొంతంటే నాకే రోత పుట్టింది. నీకు వంక కావాలంటే ఇంకేదైనా అనాల్సింది, గొంతును అనకుండా ఉండాల్సింది."

పేరమ్మ తన చేత్తోనే పట్టిక తిరగరాసింది. ఆ ఇద్దరినీ ఒకే బల్ల దగ్గర వేసి, గోడకు అంటించి, తన గదిలోకెళ్ళి కూర్చుంది. మధ్యాహ్నానికల్లా నవ్వు మొదలైంది. అద్దంలోంచి చూస్తూ కూర్చుంది. అసూయ తగ్గిందనుకుంటున్నారేమో, లేదు. అంతకుముందు ఊహించుకుని మండిపడింది, ఇప్పుడు కళ్ళారా చూసి మండిపడుతోంది. ఎందుకంటే అక్కడ నవ్వే మనిషి ఇంటికొచ్చాక వేరే మనిషి.

ఇంట్లో గొడవేమీ లేదు. అదే అసలు గొడవ. మునిగారు సాధించడు, దెప్పడు, అలగడు. గిన్నెలు కడుగుతాడు, బట్టలు ఆరేస్తాడు, వంట బాగుందంటాడు. పక్కమీద ఆమె చెయ్యి వేస్తే తీసెయ్యడు. చుట్టపుచూపుగా వచ్చినవాడు ఒద్దికగా పడుకున్నట్టు ఒక వారకు పడుకుంటాడు. నెల తిరిగిపోయింది. ఈ సంగతి విన్న అక్క, మగవాళ్ళ కోపం ఎన్నాళ్ళే, మంచి బట్టలు కట్టుకుని కాస్త ముస్తాబవు అని సలహా ఇచ్చింది. పేరమ్మ అద్దం ముందు గంటసేపు ముస్తాబయింది కూడా. అంతా అయ్యాక, ఎవరి కోసం ముస్తాబయిందో గుర్తొచ్చి, కడిగేసుకుంది.

ఒక ఆదివారం పొద్దున ఆయన కిటికీ దగ్గర పేపరు చూస్తుంటే వెళ్ళి ఎదురుగా నిలబడింది.

"ఇంకా కోపమేనా?"

"కోపం ఎప్పుడో పోయింది," అన్నాడు.

"మరి నన్ను ఎందుకిలా శిక్షిస్తున్నావు?"

ఆయన పేపరు మడిచి పెట్టి, చెప్పడానికి కష్టపడ్డాడు. "శిక్ష కాదు. నేను కావాలని చేస్తున్నది కాదిది. నేను విసుగు పుట్టిస్తానా అని నిన్నడిగాను, గుర్తుందా? నిజం తెలిసీ నువ్వు లోపలికెళ్ళిపోయావు. నువ్వు అలా చెయ్యగలవని నాకు తెలియదు. ఇన్నాళ్ళూ నాకు తెలిసిన మనిషి ఒకరు, ఇప్పుడు ఇంట్లో ఉన్న మనిషి ఒకరు అనిపిస్తోంది. తెలియని మనిషి పక్కన నాకు..." అని ఆగి, "నా సంగతి నీకు చెప్పక్కర్లేదు," అన్నాడు.

చెప్పక్కర్లేదు నిజమే. పరాయి ఆడది ఎవత్తీ తన మొగుణ్ణి కదిలించలేదని అక్క ముందు కాలుమీద కాలేసుకుని కూర్చున్న మనిషి ఆమే కదా. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకుంటే ఇంతే అవుతుంది. ఆయన్ని కదిలించలేని ఆడవాళ్ళు ఇన్నేళ్ళుగా నిలబడి ఉన్న వరసలో, అందరి వెనకాల ఇప్పుడు తనూ వెళ్ళి నిలబడింది. అక్కణ్ణుంచి చూస్తే అద్దాల గది బయట, ఆ బల్ల దగ్గర, ముందుపన్ను లేని పిన్ని ఎంత దగ్గరగా ఉందో, తను ఎంత దూరంగా ఉందో స్పష్టంగా కనిపించింది.

"మళ్ళీ వస్తుందా?" అని అడిగింది.

"తెలియదు. రావాలనే ఉంది నాకు. కావాలనుకుంటే వచ్చేది కాదుగా."

లేచి వంటింట్లోకి వెళ్ళాడు. గిన్నె చప్పుడు, కుళాయి చప్పుడు వినిపించాయి. కాసేపటికి అక్కణ్ణుంచే, వెనక్కి తిరగకుండానే, మామూలు గొంతుతో అడిగాడు.

"మీకూ టీ పెట్టనా?"

ఏమన్నాడో ఆయనకు తెలిసినట్టు లేదు. పెళ్ళయ్యాక ఇన్నేళ్ళలో ఆమెను ఎన్నడూ మీరు అనలేదు. పెళ్ళికి ముందు, ఆ బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చున్న రోజుల్లో అనేవాడు. పేరమ్మకు ముందు కోపం వచ్చింది, ఏడుపు వచ్చింది. పిన్నిని నువ్వంటాడా, మీరంటాడా అన్న పాడు ఆలోచన కూడా వచ్చింది. అన్నిటినీ ఒకదాని తర్వాత ఒకటి మింగి, వంటింట్లో బల్ల దగ్గర కుర్చీ లాక్కుని కూర్చుంది.

"పెట్టండి," అంది.